స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో మాస్టర్స్: తిరుపతి, చిత్తూరు విద్యార్థులకు ఏ దారి కలిసొస్తుంది?

స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ అనగానే అందరూ మొదట అడిగేది "ఏ యూనివర్సిటీ మంచిది?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. చదువయ్యాక మీకు జీతం ఇచ్చేది ఎవరు? ఆస్పత్రా, క్రీడా జట్టా, అకాడమీయా, లేక మీ దగ్గరికే వచ్చి ఫీజు కట్టే మనుషులా? కోర్సు పేరులో 'స్పోర్ట్స్' ఉన్నంత మాత్రాన జట్లు పిలిచి కూర్చోబెట్టవు. పేరులో ఆ మాట లేనంత మాత్రాన మైదానం తలుపులు మూసుకుపోవు.

మన దేశంలో పూర్తికాలం స్పోర్ట్స్ న్యూట్రిషనిస్టు కొలువులు తక్కువ. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రాలు, కొన్ని ప్రైవేటు అకాడమీలు, లీగ్ జట్లు ఉన్నా, చాలావరకు కాంట్రాక్టు పద్ధతే. సీజన్ ముగిస్తే పని కూడా ముగుస్తుంది. అందుకే మేము చెప్పే కొలమానం ఒక్కటే: జట్టు పని దొరకని ఏడాదిలో కూడా మీకు అన్నం పెట్టగల డిగ్రీ కావాలి. కింద చెప్పే దారులన్నీ ఈ కొలమానంతోనే చూశాం.

హైదరాబాద్ ఎన్‌ఐఎన్: దొరికితే వదులుకోవద్దు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద నడుస్తుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. దేశమంతా వాడే ఆహార పోషక విలువల పట్టికలు, రోజువారీ పోషక అవసరాల సిఫార్సులు తయారయ్యేది ఇక్కడే. ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్‌తో పాటు రెండేళ్ల ఎమ్మెస్సీ స్పోర్ట్స్ న్యూట్రిషన్ కూడా ఉంది. ప్రవేశం ఆ సంస్థ పెట్టే ఎన్‌ఐఎన్‌సెట్ పరీక్ష ద్వారా. సీట్లు పదుల్లోనే ఉంటాయి కాబట్టి పోటీ గట్టిది.

ప్రత్యేక కోర్సుకి, మామూలు న్యూట్రిషన్ కోర్సుకి తేడా ఎక్కడుందో ఒక లెక్కతో చూడండి. 55 కిలోల అమ్మాయి, పరుగు పందేల క్రీడాకారిణి. కొవ్వు తీసేస్తే శరీర బరువు 44 కిలోలు. రోజుకి 1,900 కిలోక్యాలరీలు తింటోంది, సాధనలో 600 ఖర్చవుతోంది. మిగిలిన 1,300ని 44తో భాగిస్తే కిలోకి 29.5 వస్తుంది. ఈ అంకె దాదాపు 30 కంటే తగ్గితే శరీరం పొదుపు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. నెలసరి తప్పవచ్చు, ఎముక బలహీనపడవచ్చు, గాయాలు త్వరగా మానకపోవచ్చు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ శక్తి లోటుకి 'రెడ్-ఎస్' అని పేరు పెట్టింది, 2023లో తాజా ప్రకటన ఇచ్చింది. ఆ అమ్మాయి బీఎంఐ చూస్తే ఏ లోపమూ కనపడకపోవచ్చు. మామూలు డైట్ చార్టు పాఠాలు మాత్రమే చదివినవాళ్లు "1,900 తింటోందిగా, సరిపోతుంది" అనేస్తారు. సిలబస్‌లో ఈ లెక్క, గ్లైకోజెన్ (కండరాలు, కాలేయం దాచుకునే పిండిపదార్థం) నిల్వలు, చెమట నష్టం, సప్లిమెంట్లు, డోపింగ్ నిబంధనలు ఉన్నాయా అని చూడండి. అవి లేకపోతే పైన బోర్డు ఏదైనా లోపలున్నది మామూలు కోర్సే.

ఎన్‌ఐఎన్‌సెట్‌లో దెబ్బతినేది ఎక్కువగా బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ దగ్గర. బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లకి న్యూట్రిషన్ భాగం కొత్త. హోం సైన్స్ వాళ్లకి జీవక్రియల చక్రాలు కష్టం. మీ లోటు ఏదో తెలుసుకుని డిగ్రీ చివరి ఏడాది దసరా సెలవుల నుంచే దాని మీద కూర్చోండి. దరఖాస్తుకి ముందు మీ డిగ్రీ కాంబినేషన్ అర్హుల జాబితాలో ఉందో లేదో ఆ ఏటి ప్రకటనలోనే చూడండి. నిరుటి సీనియర్ మాట నమ్మి ఫీజు కట్టొద్దు. దూరం పెద్ద అడ్డంకి కాదు. చిత్తూరులో సాయంత్రం వెంకటాద్రి ఎక్కితే పొద్దునకి కాచిగూడ.

ఊళ్లోనే ఎమ్మెస్సీ, పైన అదనపు సరుకు

ఎన్‌ఐఎన్ సీటు రాని వాళ్లే ఎక్కువమంది. వాళ్లలో చాలామందికి మేము సూచించేది ఈ దారి. తిరుపతిలో 1983లో మొదలైన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ రెండింట్లోనూ హోం సైన్స్ విభాగాలున్నాయి. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. మొదటిది ఆడపిల్లలకే కాబట్టి అబ్బాయిలకి ఎస్వీయూ మిగులుతుంది. బ్రాంచీల పేర్లు, సీట్లు ఆ ఏటి కౌన్సెలింగ్ ప్రకటనలో సరిచూసుకోవాలి. ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్ లేదా డైటెటిక్స్ ఉన్న బ్రాంచే తీసుకోండి. హ్యూమన్ డెవలప్‌మెంట్, టెక్స్‌టైల్స్ కూడా హోం సైన్స్ కిందే వస్తాయి. కౌన్సెలింగ్ తొందరలో తప్పు బ్రాంచి పడితే రెండేళ్లు ఇరుక్కుపోతారు.

ఈ డిగ్రీ అసలు బలం ఆస్పత్రి తలుపు. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకి న్యూట్రిషన్ ఎమ్మెస్సీతో పాటు ఆరు నెలల ఆస్పత్రి ఇంటర్న్‌షిప్ కావాలి. ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేసినా చెల్లుతుందనుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. పది పడకల నర్సింగ్ హోమ్‌లో ఆరు నెలలు తిరిగి సర్టిఫికెట్ తెస్తే దరఖాస్తు వెనక్కి రావచ్చు. ఆ ఆస్పత్రికి గుర్తింపు ఉందా అని అసోసియేషన్‌నే ముందుగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. స్విమ్స్ లాంటి పెద్దాస్పత్రి, ఎముకల వైద్యానికి బర్డ్ ఊళ్లోనే ఉండటం మనకి కలిసొచ్చే విషయం. లిగమెంటు ఆపరేషన్ అయిన ఆటగాడికి ఆ వారాల్లో ప్రోటీన్ ఎంత, క్యాలరీలు ఎంత ఉండాలి అన్నది పుస్తకం కంటే వార్డులో బాగా తెలుస్తుంది. చిత్తూరు వైపు వాళ్లకి వేలూరు గంటన్నర లోపు ప్రయాణం. అక్కడి పెద్ద ఆస్పత్రుల్లో ఇంటర్న్‌షిప్ అవకాశం అడగడం మర్చిపోవద్దు. తమిళం కాస్త వచ్చుంటే రోగులతో పని ఇంకా సులువు.

ఈ రిజిస్ట్రేషన్ గొడవ ఎందుకంటే, 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూల్లో డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ ఇద్దరూ ఉన్నారు. న్యూట్రిషనిస్ట్ కింద స్పోర్ట్స్ న్యూట్రిషనిస్ట్‌ని కూడా చేర్చారు. ఎవరు పడితే వాళ్లు బోర్డు కట్టే రోజులు ఎప్పటికీ ఇలాగే సాగవు.

ఊళ్లో డిగ్రీలో దొరకనిది క్రీడాభాగం. దాన్ని మీరే పోగేసుకోవాలి. మొదటిది ఐసాక్ లెవల్-1. శరీర కొలతల అంతర్జాతీయ పద్ధతి ఇది. చర్మపు మడతలు ఎనిమిది చోట్ల కొలుస్తారు. చేతి వెనక కండరం దగ్గర గుర్తు పెట్టి, బొటనవేలు చూపుడువేలుతో మడత పట్టి, వేళ్ల అంచుకి 1 సెంటీమీటరు దూరంలో క్యాలిపర్ (మడత మందం కొలిచే పరికరం) పెట్టి, వదిలిన 2 సెకన్లకి అంకె చదవాలి. 5 సెకన్లు ఆగితే కొవ్వు నొక్కుకుపోయి అంకె తగ్గుతుంది, ఆటగాడు 'సన్నబడ్డాడు' అని రిపోర్టులో పడుతుంది. తరగతులు అయ్యాక 20 మందిని కొలిచి పంపాలి. సర్టిఫికెట్ నాలుగేళ్లు చెల్లుతుంది. గడువు తీరాక మళ్లీ చేయించుకోవాలి.

రెండోది మైదానం. శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయంలోనో, ఎస్వీయూ మైదానంలోనో సాధన చేయించే కోచ్‌ని అడిగి ఒక సీజన్ అంతా ఒకే జట్టుతో ఉండండి. పది అకాడమీల్లో తలా ఒక సెమినార్ ఇచ్చిన రెజ్యూమే కంటే, పన్నెండు మంది పిల్లల ఆరు నెలల రికార్డు ఎక్కువ మాట్లాడుతుంది. పిల్లలు 18 ఏళ్ల లోపు వాళ్లయితే తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి. ఆడపిల్లల కొలతలు ఆడవాళ్లే తీయాలి, పక్కన ఇంకో పెద్దావిడ ఉండాలి.

ఊళ్లో ఉండి చదివేవాళ్లకి ఇంకో లాభం, ఇక్కడి తిండి తెలిసి ఉండటం. కోచ్ అడిగేది "ఓట్స్ ఎంత?" అని కాదు, "మావాడు సంగటి తినొచ్చా?" అని. 100 గ్రాముల రాగిపిండి, 50 గ్రాముల బియ్యంతో చేసిన సంగటిలో పిండిపదార్థం దాదాపు 106 గ్రాములు. 60 కిలోల మిడిల్ డిస్టెన్స్ రన్నర్‌కి కిలోకి 6 గ్రాముల చొప్పున రోజుకి 360 గ్రాములు కావాలనుకుంటే ఇది మూడో వంతుకి కొంచెం తక్కువ. 30 గ్రాముల వేరుశనగతో చేసిన ఊరిబిండి కలిస్తే భోజనంలో ప్రోటీన్ 18 గ్రాముల దాకా వస్తుంది. తిండి బంగారంలాంటిదే, వేళే చూసుకోవాలి. రాగిలో 100 గ్రాములకి 11 గ్రాముల పీచు, వేరుశనగలో దాదాపు 40 శాతం కొవ్వు. రెండూ కడుపులో ఆగుతాయి. పరుగుకి గంట ముందు ముద్ద తిని ట్రాక్ ఎక్కితే రెండో ల్యాప్‌కే డొక్క పట్టేస్తుంది. మూడు గంటల ముందో, సాధన అయ్యాకో అయితే పేచీ లేదు. ఈ ఒక్క జవాబు సూటిగా చెప్పగలిగితే కోచ్ మిమ్మల్ని మళ్లీ పిలుస్తాడు.

బ్రిటన్: ఏడాదిలో అయిపోతుంది, కానీ

లఫ్‌బరో, లీడ్స్ బెకెట్, లివర్‌పూల్ జాన్ మూర్స్ లాంటి చోట్ల ఈ సబ్జెక్టుకి పేరుంది. కోర్సు ఏడాదే, ల్యాబులు బాగుంటాయి, జట్లతో పనిచేసే అధ్యాపకులు ఉంటారు. ఫీజు విదేశీ విద్యార్థులకి చాలాచోట్ల 17 వేల నుంచి 30 వేల పౌండ్ల మధ్య. దాని మీద ఖర్చులు, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌ఛార్జి. ఏడాది కోర్సుకి కూడా వీసా ఏడాది దాటే ఇస్తారు కాబట్టి సర్‌ఛార్జి ఒక ఏడాదితో ఆగదు.

కోర్సు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ర్యాంకు కాదు, ఎస్‌ఈఎన్‌ఆర్ గుర్తింపు. అది బ్రిటిష్ డైటెటిక్ అసోసియేషన్ కింద నడిచే స్పోర్ట్స్ న్యూట్రిషనిస్టుల రిజిస్టర్. గుర్తింపు లేని కోర్సు చేసినవాళ్లు తమ అర్హతల్ని ఒక్కొక్కటిగా రుజువు చేసుకోవాలి. ఇంకో సంగతి ఏజెంట్లు చెప్పరు. బ్రిటన్‌లో 'డైటీషియన్' అనే పేరుకి చట్టరక్షణ ఉంది, ఆరోగ్య వృత్తులవాళ్లని నమోదు చేసే హెచ్‌సీపీసీలో పేరున్నవాళ్లే వాడుకోవాలి. స్పోర్ట్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఆ నమోదు ఇవ్వదు. "జట్టు దొరక్కపోతే అక్కడి ప్రభుత్వాస్పత్రిలో చేరతాను" అనే లెక్క అక్కడే తప్పుతుంది. చదువయ్యాక ఉండి పని వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా 2026 డిసెంబర్ 31 లోపు దరఖాస్తు చేసినవాళ్లకి రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి 18 నెలలే. 2026 సెప్టెంబర్‌లో చేరేవాళ్లు ఈ కొత్త లెక్కలోకే వస్తారు.

అప్పు తీసుకుని వెళ్లేవాళ్లు బ్యాంకులో ఒకటి గమనించాలి. 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే పథకాలున్నాయి. బ్రిటన్‌కి అది చాలదు. మన జిల్లాలో ఆస్తి అంటే ఎక్కువగా మామిడి తోటో, చేనో. వ్యవసాయ భూమి సర్ఫేసీ చట్టం పరిధిలోకి రాదు, బాకీ పడితే బ్యాంకు దాన్ని నేరుగా స్వాధీనం చేసుకోలేదు. అందుకే విద్యారుణానికి చాలా బ్యాంకులు తోటల్ని తాకట్టుకి ఒప్పుకోవు, ఇల్లో ప్లాటో డిపాజిట్టో అడుగుతాయి. ఆఫర్ లెటర్ వచ్చాక ఈ సంగతి తెలిస్తే వీసా గడువు మీదికొస్తుంది. సొంత డబ్బు చూపేవాళ్లు ఖాతాలో వరసగా 28 రోజులు ఆ మొత్తం కదలకుండా ఉంచాలి. మధ్యలో ఒక్కరోజు నిల్వ తగ్గినా దరఖాస్తు తిరస్కరించవచ్చు.

మా అభిప్రాయం సూటిగా: ఇక్కడ ఎమ్మెస్సీ, రిజిస్ట్రేషన్, కొంత మైదానం అనుభవం ఉన్నవాళ్లకి బ్రిటన్ ఏడాది పనికొస్తుంది. బీఎస్సీ అవ్వగానే ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లడం మాత్రం మేము వద్దంటాం.

అమెరికా, ఆస్ట్రేలియా

రెండు దేశాల్లోనూ స్పోర్ట్స్ గుర్తింపు డైటీషియన్ అయ్యాకే. ఆస్ట్రేలియాలో ముందు అక్రెడిటెడ్ ప్రాక్టీసింగ్ డైటీషియన్ కావాలి. అమెరికాలో స్పోర్ట్స్ డైటీషియన్ గుర్తింపు పరీక్ష సీఎస్‌ఎస్‌డీ రాయాలంటే ముందు రిజిస్టర్డ్ డైటీషియన్, ఆపైన పని అనుభవం. అక్కడ 2024 జనవరి 1 నుంచి డైటీషియన్ పరీక్షకే మాస్టర్స్ తప్పనిసరి. పని అనుమతి విషయంలో కోర్సు పేరు కంటే, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే సీఐపీ కోడ్ (కోర్సు ఏ వర్గమో చెప్పే అంకె) ముఖ్యం. న్యూట్రిషన్ సైన్సెస్ కోడ్ 30.1901 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో ఉంది కాబట్టి, చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే 12 నెలల ఓపీటీ మీద మరో 24 నెలలు అడగొచ్చు. డైటెటిక్స్ కోడ్‌కి ఆ వీలు లేదు. సీటు ఒప్పుకునే ముందే కోడ్ ఏదో మెయిల్ పెట్టి అడగండి.

దూరవిద్య, ఆన్‌లైన్, వారాంతపు సర్టిఫికెట్లు

2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ లాంటి కోర్సుల్లో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో కొత్త అడ్మిషన్లు చేయకూడదని యూజీసీ చెప్పింది. ఇప్పటికీ "ఇంట్లో కూర్చుని ఎమ్మెస్సీ" అని ఫోన్లు వస్తుంటాయి. ఆ డిగ్రీ చెల్లకపోతే నష్టం మీ నెత్తినే పడుతుంది.

ఆరు వారాల సర్టిఫికెట్లు జిమ్ ట్రైనర్లకి పనికొస్తాయి. ఎమ్మెస్సీకి ప్రత్యామ్నాయం కావు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) స్పోర్ట్స్ న్యూట్రిషన్ డిప్లొమాని మాత్రం వేరుగా చూడాలి. రెండేళ్లు, పనిచేసుకుంటూ చదవొచ్చు, పాఠాలు లోతుగా ఉంటాయి. న్యూట్రిషన్ డిగ్రీ చేతిలో ఉండి ఉద్యోగం మానలేని వాళ్లకి బ్రిటన్ కంటే ఇదే మేలు అనిపిస్తుంది.

ఫీజు కట్టే ముందు ఒక ఉదయం పని

ఈ వృత్తి మీకు సరిపడుతుందా అని తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. అలిపిరి మెట్లు ఎక్కే ముందు మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. 100 గ్రాముల తేడా చూపే డిజిటల్ కాటా కావాలి. కొలిచిన నీళ్ల సీసా పట్టుకుని 3,550 మెట్లు ఎక్కండి. పైన తుడుచుకుని, తడి చొక్కా తీసేసి, అదే కాటా మీద మళ్లీ చూడండి. కాటాని ఒక స్నేహితుడు బస్సులో పైకి తేవాలి. 62.0 కిలోల మనిషి 61.1 అయ్యాడు, దారిలో అర లీటరు తాగాడు అంటే చెమట 1.4 లీటర్లు. రెండు గంటలు పట్టిందనుకుంటే గంటకి 0.7 లీటర్లు. మధ్యలో మూత్రానికి వెళ్తే ఆ బరువు తీసేయాలి. అది మర్చిపోతే చెమట ఎక్కువ చూపిస్తుంది. తడి చొక్కాతోనే తూగితే తక్కువ చూపిస్తుంది. బరువులో 2 శాతం కంటే ఎక్కువ తగ్గితే నీళ్లు చాలలేదని అర్థం. ఈయన తగ్గింది 1.5 శాతం, సరిపోయింది.

ఇదే పనిని మే నెల ఎండలో, పదిహేను మంది పిల్లలకి, వారానికి రెండుసార్లు, కాగితం మీద తప్పు లేకుండా చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. స్పోర్ట్స్ న్యూట్రిషన్ రోజువారీ పని చాలావరకు ఇలాంటిదే. సెలబ్రిటీ ప్లేటు ఫొటోలు అందులో చాలా చిన్న భాగం. ఇది విసుగనిపిస్తే క్లినికల్ వైపో, ఫుడ్ టెక్నాలజీ వైపో వెళ్లండి, తప్పేం లేదు.

క్యాలెండర్, అడగాల్సిన ప్రశ్నలు

డిగ్రీ చివరి ఏడాది సెప్టెంబర్ నాటికి మీ సబ్జెక్టుల కాంబినేషన్ ఏ ప్రవేశానికి సరిపోతుందో రాసిపెట్టుకోండి. జనవరిలో బ్యాంకుకి వెళ్లండి. రుణం కోసం కాకపోయినా, తాకట్టుకి ఏది చెల్లుతుందో తెలుసుకోవడానికి. మార్చి నుంచి పీజీసెట్, ఎన్‌ఐఎన్‌సెట్ ప్రకటనల కోసం వారానికోసారి చూస్తుండండి. రెండూ రాయండి. ఒకదాని ఫలితం కోసం రెండోదాని కౌన్సెలింగ్ వదిలేసి ఏడాది పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏటా కనిపిస్తారు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, తర్వాత ఎన్‌ఐఎన్‌లో వస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కి ఎలా ఇస్తారో, ఫీజులో ఎంత తిరిగొస్తుందో చేరేరోజే రాతలో అడగండి.

ఏ కాలేజీకి వెళ్లినా ఆఫీసులో కాదు, ల్యాబులో నిలబడి అడగండి. క్యాలిపర్ ఉందా, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు? శ్వాస వాయువులు కొలిచే యంత్రం పనిచేస్తోందా, లేక గుడ్డ కప్పి ఉందా? ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు, అందులో మైదానంలో ఎన్ని? నిరుటి బ్యాచ్ డిసర్టేషన్ల జాబితా చూపిస్తారా? ఆ జాబితాలో అన్నీ 'కళాశాల విద్యార్థుల ఆహారపు అలవాట్లు' లాంటి ప్రశ్నపత్రం సర్వేలే ఉంటే అక్కడ క్రీడాకారుల మీద పని నడవడం లేదన్నమాట. ఒక్కటైనా కబడ్డీ పిల్లల మీదో, రన్నర్ల మీదో ఉంటే ఆ గైడ్ పేరు రాసుకుని, చేరకముందే వెళ్లి కలవండి.